24 గంటల నొప్పి - గాంధీజీ జీవితంలో ఒక రాత్రి



మన సంఘం ఈసారి ఆరోగ్యం మీద ప్రత్యేక సంచిక తెస్తున్నదని, ఎవరికి తోచిన విషయం వారు రాసి ఇవ్వవలసిందని కార్యదర్శి గారు సభలో కోరారు. నేను వైద్యుణ్ణి కాను. సర్కారు కచేరీలో 35 ఏళ్ళు గుమస్తాగా కాగితాలు రాసి దిగినవాణ్ణి. అందుచేత మందుల జోలికి పోకుండా, మనందరికీ తెలిసిన ఒక మహానుభావుని జీవితాన్ని ఆయన జబ్బుల వైపు నుంచి చెప్పదలచుకున్నాను. గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా మన పిల్లల వాచకాల్లోనే ఉన్నాయి. కాని 1924 జనవరి 12 రాత్రి పూనాలో ఆయన ప్రాణం వేలెడంత పేగు మీద వేలాడిన సంగతి చాలామందికి గుర్తుండదు.

ఆ పేగు పేరు అపెండిక్స్. పుస్తకాల్లో ఉండుకము అంటారు. మన గోదావరిఖని, రామగుండం వాడల్లో దాని నొప్పిని 24 గంటల నొప్పి అనే పిలుస్తాం. పేరు పెట్టిన పెద్దలెవరో గాని అనుభవం మీదనే పెట్టి ఉంటారు. ఆ నొప్పి గడువు ఇచ్చి వస్తుంది. గడువు దాటితే పేగు పగులుతుంది.

గాంధీజీ 1869 అక్టోబరు 2న పోరుబందరులో పుట్టారు. తండ్రి కరంచంద్ గాంధీ సంస్థానాల్లో దివాను. ఆయన భగందరం పుండుతో మంచం పట్టారు. పిల్లవాడైన మోహన్‌దాస్ రోజూ పుండు కడగడం, మందు ఇవ్వడం, కాళ్ళు పిసకడం చేసేవారు. ఇంగ్లీషు డాక్టరు ఒకాయన శస్త్రచికిత్స చేయిస్తే మంచిదన్నారు. ఇంటి వైద్యుడు మాత్రం ఈ వయసులో కోత వద్దని అడ్డుపడ్డారు. ఇంట్లోవాళ్ళు ఆయన మాటే విన్నారు. ఆపరేషను మానుకున్నారు. 1885లో కరంచంద్ గారు కన్నుమూశారు. ఆ రోజు కోత కోయించి ఉంటే పుండు సులభంగా మానేదేమోనని గాంధీజీ తరువాత తన ఆత్మకథలో రాసుకున్నారు. మన ఇళ్ళలో కూడా ఈ వయసులో కోతలెందుకు అనే మాట ఎన్నిసార్లు వినలేదు!

ఇంగ్లండు పోయే ముందు ఆయనకు డాక్టరు చదువు మీద మనసుండేది. వైష్ణవ కుటుంబం వాళ్ళు శవాలను కోయకూడదని, తండ్రికి అది ఇష్టం లేదని అన్నగారు చెప్పడంతో 1888లో బారిస్టరు చదువుకు వెళ్ళారు. చదువు మారినా రోగులకు సేవ చేసే గుణం మారలేదు. దక్షిణాఫ్రికాలో 1899లో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు సుమారు 1,100 మంది భారతీయులతో అంబులెన్సు దళం కట్టి గాయపడ్డవాళ్ళను డోలీల మీద మోశారు.

మందుల మీద మాత్రం ఆయనకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. 1902లో బొంబాయిలో రెండో కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ వచ్చింది. డాక్టరు గుడ్లు, కోడిరసం ఇవ్వమన్నారు. గాంధీజీ ఒప్పుకోలేదు. తడిగుడ్డ చుట్టడం, తొట్టి స్నానాలు, పలుచని ఆహారంతోనే నయం చేసుకున్నారు. పిల్లవాడు బతికాడు. 1909లో రాసిన హింద్ స్వరాజ్‌లో డాక్టర్లను, ఆసుపత్రులను గట్టిగా తప్పుపట్టారు. తిండి ఎక్కువ తిని అజీర్తి తెచ్చుకున్న మనిషికి డాక్టరు మాత్ర ఇస్తే, వాడు మళ్ళీ తింటాడే గాని తప్పు దిద్దుకోడని ఆయన వాదన. అందులో నిజం లేకపోలేదు.

1918లో ఖేడా జిల్లాలో తిరుగుతుండగా ఆయనకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మందు వద్దన్నారు, సూది వద్దన్నారు. నెలల తరబడి మంచం మీద ఉండి, ఒక దశలో బతకననే అనుకున్నారు. ఆ తరువాత బొంబాయిలో డాక్టరు దలాల్ గారు చిన్న ఆపరేషను చేశారు. పాలు తాగనని ఒట్టు పెట్టుకున్న ఆయన, కస్తూర్బా సలహా మీద మేకపాలు పుచ్చుకోవడం అప్పుడే మొదలయింది. మనం బొమ్మల్లో చూసే మేక వెనుక ఒక జబ్బు కథ ఉంది.

1922 మార్చి 10న సబర్మతిలో అరెస్టయ్యారు. మార్చి 18న అహ్మదాబాదులో విచారణ జరిగి 6 ఏళ్ళ శిక్ష పడింది. పూనా దగ్గరి యెరవాడ జైలుకు పంపారు. 1923 డిసెంబరు చివరిలో మన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆయన ఆ జైలులోనే ఉన్నారు. మౌలానా మహమ్మదాలీ గారు అధ్యక్షత వహించారు. ఆంధ్రదేశమంతా కాకినాడకు కదిలింది. ఆ సభ ముగిసిన పక్షం రోజుల్లోపలే గాంధీజీ ప్రాణం మీదికి వచ్చింది.

కడుపునొప్పి, జ్వరం కనబడ్డాయి. పూనా సర్జను కర్నల్ మాడక్ గారు పరీక్షించి అపెండిసైటిస్ అని తేల్చారు. జనవరి 12న ఖైదీని జైలు నుంచి ససూన్ ఆసుపత్రికి మార్చారు. గాంధీజీ తనకు తెలిసిన డాక్టర్లు దలాల్, జీవరాజ్ మెహతా గార్లను చూడాలని కోరారు. కబురు పెట్టారు గాని వాళ్ళు చేరేదాకా ఆగే వీలు లేకపోయింది. ఆ రాత్రే కోయాలని మాడక్ గారి నిర్ణయం.

ఇక్కడ చిక్కు చూడండి. రోగి సర్కారుతో పోరాడుతున్నవాడు. డాక్టరు ఆ సర్కారు మనిషి. మత్తు ఇచ్చి కోసిన తరువాత రోగి లేవకపోతే డాక్టరే చంపాడని దేశమంతా అంటుంది. ఎన్ని ఊళ్ళు తగలబడేవో, ఎంతమంది మీద తుపాకులు పేలేవో చెప్పలేం. అటు ఆపకపోతే పేగు పగులుతుంది. మిత్రులెవరినైనా పిలవాలా అని అడిగితే గాంధీజీ చెప్పిన పేర్లలో ఒకటి వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి గారిది. శాస్త్రి గారు గోఖలే స్థాపించిన భారత సేవక సంఘం అధ్యక్షులు, మితవాది. సహాయ నిరాకరణను ఆయన ఒప్పుకోలేదు. అయినా ప్రాణం మీదికి వచ్చిన వేళ గాంధీజీ నమ్మింది ఆయనను.

గుమస్తాను కావడం చేత నా చూపు ఎప్పుడూ కాగితం మీదికే పోతుంది. ఆ రాత్రి గాంధీజీ చెబుతుంటే శాస్త్రి గారు ఒక వాంగ్మూలం రాసుకున్నారు. డాక్టర్లు తనను శ్రద్ధగా చూశారని, తన డాక్టర్లను పిలిపించే ప్రయత్నం కూడా జరిగిందని, ఆపరేషనుకు తాను ఒప్పుకుంటున్నానని, ఏమైనా జరిగితే ప్రజలు ఆందోళన చేయరాదని దాని సారాంశం. ఎన్నో వాంగ్మూలాలు చేతులమీదుగా పోయిన నాకు ఇంతకంటే నిండైన కాగితం ఇంకొకటి తెలియదు. సమ్మతి ఉంది, కారణం ఉంది, తరువాత ఎవరి మీదా నింద పడకుండా కాపు ఉంది. మోకాళ్ళు పైకి పెట్టుకుని పెన్సిలుతో సంతకం చేశారు. చేయి బాగా వణికింది. పేరు చివరి అక్షరం మీద చుక్క కూడా పెట్టలేకపోయారని శాస్త్రి గారు గమనించి రాశారు. జైలు పంపిన సర్కారు మీద కోపం ఒకటి, కత్తి పట్టిన మనిషి మీద నమ్మకం ఒకటి. ఈ రెంటినీ ఆయన కలిపివేయలేదు.

రాత్రి 10 గంటల ప్రాంతంలో బల్ల మీదికి తీసుకుపోయారు. మధ్యలో ఉరుములు, గాలివాన. కరెంటు పోయింది. నర్సు చేతిలోని టార్చి కూడా ఆరిపోయింది. చివరికి హరికేన్ లాంతరు వెలుగులో మాడక్ గారు ఆపరేషను పూర్తిచేశారు. కరెంటు పోయినా చెయ్యి ఆగకూడదన్న సంగతి మన బాయి పని చేసినవారికి వేరే చెప్పనవసరం లేదు. నెత్తి మీది దీపం ఒక్కటే దిక్కయిన ఘడియలు వారెరుగుదురు.

గండం గడిచింది గాని వెంటనే తేరుకోలేదు. కోసిన చోట చీము చేరి పుండు మానడం ఆలస్యమయింది. అది పెన్సిలిన్ లేని కాలమని గుర్తుంచుకోవాలి. ఫ్లెమింగ్ దానిని కనిపెట్టింది 1928లో. రోగుల దాకా వచ్చింది 1940 తరువాత. ఫిబ్రవరి 5న ప్రభుత్వం షరతులు లేకుండా విడుదల చేసింది. 6 ఏళ్ళ శిక్షలో 2 ఏళ్ళు కూడా నిండలేదు. మార్చిలో ఆసుపత్రి వదిలి బొంబాయి దగ్గరి జుహూ సముద్రపు ఒడ్డున విశ్రాంతి తీసుకున్నారు. డాక్టర్లను తిట్టిన మనిషి కోతకు ఎలా ఒప్పుకున్నారని కొందరు అడిగారు కూడా. తనకు ఇంకా దేహం మీద మమకారం పోలేదని ఆయన దాచకుండా చెప్పారు. ససూన్‌లో తనను చూసుకున్న డాక్టర్లకు, నర్సులకు కృతజ్ఞత చెప్పడంలో మాత్రం లోటు చేయలేదు.

ఈ జబ్బుకు రాజూ పేదా లేదు. 1902 జూన్ 26న లండన్‌లో 7వ ఎడ్వర్డు పట్టాభిషేకం జరగవలసి ఉంది. దేశదేశాల అతిథులు వచ్చి దిగారు. రాజుకు కడుపులో ఇదే నొప్పి. ముందు పట్టాభిషేకం, తరువాతే కోత అని పట్టుపట్టారు. సర్జను ఫ్రెడరిక్ ట్రీవ్స్ వినలేదు. అలా పోతే గుడికి శవంగానే చేరతారని మొహం మీదనే చెప్పి, జూన్ 24న కోసి చీము తీశారు. ఆగస్టు 9న పట్టాభిషేకం జరిగింది. ఆ ట్రీవ్స్ గారి సొంత కూతురు అంతకు 2 ఏళ్ళ ముందు ఇదే జబ్బుతో చనిపోయింది. రాజు దగ్గర ఆయన అంత గట్టిగా ఎందుకు నిలబడ్డారో తండ్రులకు అర్థమవుతుంది.

మరొకరు హూడినీ. సంకెళ్ళు, పెట్టెలు, జైలు గదులు అన్నిట్లోంచీ తప్పించుకునే ఇంద్రజాలికుడిగా ప్రపంచమంతా పేరు. 1926 అక్టోబరులో కడుపునొప్పి వచ్చింది. ఆట ఆపకూడదని జ్వరంతోనే డెట్రాయిట్ నగరంలో ప్రదర్శన ఇచ్చారు. ఆసుపత్రికి చేరేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. అక్టోబరు 31న 52 ఏళ్ళకే పోయారు. గాంధీజీ ఆపరేషనుకు దీనికి నడుమ 3 ఏళ్ళు కూడా లేవు. ఇద్దరి కాలంలోనూ ఉన్న మందులు ఒక్కటే. తేడా వచ్చింది కాలయాపన దగ్గరే.

మన దగ్గరి ముచ్చట కూడా చెప్పాలి. మా కచేరీలో ఒక బంట్రోతు ఉండేవాడు. మంచి మనిషి, సెలవు అడగడమే తెలియదు. 1979లో ఒక రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలయింది. వేడి అనుకుని మజ్జిగ తాగాడు. తెల్లవారేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. ఇరుగుపొరుగు ఆముదం పట్టించారు, వేడి కాపడం పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. ఇంట్లో అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. జావ కూడా తాగాడు. సాయంత్రానికి కడుపు చెక్కలా బిగిసి, జ్వరం పెరిగి, మాట తడబడింది. బండి దొరికించుకుని పెద్ద దవాఖానకు చేర్చేసరికి మరో రాత్రి గడిచింది. ఆపరేషను చేశారు గాని మనిషి దక్కలేదు. ముగ్గురు పిల్లలు. ఆ ఇంటి ఫ్యామిలీ పెన్షను కాగితాలు నేనే రాశాను. ఆయన భార్య వేలిముద్ర వేస్తూ, నొప్పి తగ్గింది కదా సారూ అని పదే పదే అడిగింది. ఆమెకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ జవాబు తరువాత డాక్టర్ల వద్ద తెలుసుకున్నాను. అపెండిక్స్ పెద్దపేగు మొదట్లో తోకలా వేలాడే సన్నని గొట్టం. గట్టిపడ్డ మలం ముక్కో, లోపలి వాపో దాని నోటికి అడ్డుపడితే లోపల క్రిములు పెరిగి, చీము పట్టి ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ రక్తం ఆడదు, గోడ కుళ్ళుతుంది. నొప్పి మొదలైన ఒకటిన్నర రోజు దాటిన తరువాత పగిలే ప్రమాదం పెరుగుతూ పోతుంది. కొందరికి ఇంకా ముందే పగలవచ్చు. పగలగానే లోపలి ఒత్తిడి పోతుంది కనుక నొప్పి కాసేపు తగ్గినట్టు అనిపించవచ్చు. అది నయం కావడం కాదు. చీము, మలం కడుపంతా చిమ్మి, కడుపు లోపలి పొర అంతా వాచి, విషం రక్తంలో కలుస్తుంది. మా బంట్రోతు విషయంలో ఆ మధ్యాహ్నం జరిగింది అదే.

మళ్ళీ గాంధీజీ వద్దకు వద్దాం. ఆపరేషను జరిగిన 8 నెలలకు, 1924 సెప్టెంబరులో, ఢిల్లీలో మహమ్మదాలీ గారి ఇంట హిందూ ముస్లిం ఐక్యత కోసం 21 రోజుల ఉపవాసం చేశారు. ఆ డిసెంబరులో బెల్గాం కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. 1930లో 60 ఏళ్ళు దాటిన వయసులో సబర్మతి నుంచి దండి దాకా 24 రోజులు నడిచారు. 1936 నుంచి వార్ధా దగ్గరి సేవాగ్రాంలో ఉన్నారు. అక్కడి నుంచి మద్రాసు దిక్కు రైలు దారి మన రామగుండం స్టేషను మీదుగా పోయేదే. హరికేన్ లాంతరు కింద ఆ రాత్రి చెయ్యి తప్పి ఉంటే ఇవేవీ లేవు.

1947 మేలో ఆయన పాట్నాలో ఉన్నప్పుడు, వరసకు మనుమరాలైన మనుకు ఇదే జబ్బు వచ్చింది. ముందు తన పద్ధతిలో మట్టిపట్టీలు వేసి చూశారు. తగ్గలేదు. డాక్టర్ల మాట విని ఆపరేషనుకు ఒప్పుకుని, మూతికి గుడ్డ కట్టుకుని ఆపరేషను గదిలోనే కూర్చున్నారు. పిల్ల బతికింది. మరుసటి సంవత్సరం జనవరి 30న ఢిల్లీలో ఆయన నేలకొరిగినప్పుడు పక్కన నడుస్తున్నది ఆ మను, ఆభా. పూనా రాత్రి నుంచి ఆ సాయంత్రానికి లెక్క వేస్తే 24 ఏళ్ళ 18 రోజులు. 24 గంటల నొప్పిని సకాలంలో పట్టుకుంటే దేశానికి 24 ఏళ్ళ గాంధీజీ దక్కారు.

అదే 1948లో అమెరికాలోని లెడర్లే కంపెనీ నుంచి ఆరియోమైసిన్ అనే మందు వచ్చింది. కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పెన్సిలిన్, దాని తరువాత వచ్చిన ఇటువంటి మందుల వల్లనే పగిలిన అపెండిక్స్ రోగులు కూడా ఈనాడు ఎక్కువమంది బతుకుతున్నారు. ఆ తెలుగువాడిని కూడా ఈ సందర్భంగా తలచుకోవాలి.

చివరిగా మన వయసు వారికి మూడు మాటలు. ఒకటి, ముసలితనంలో, చక్కెర జబ్బు ఉన్నవారిలో ఈ నొప్పి గట్టిగా రాకపోవచ్చు. జ్వరం కూడా అంతగా ఉండకపోవచ్చు. కనుక మనవాళ్ళకు ఇది పగిలిన తరువాతే బయటపడడం ఎక్కువ. రెండు, బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పి, ఆకలి చచ్చిపోవడం, వాంతి, దగ్గితే కడుపు కలుక్కుమనడం కనిపిస్తే ఆముదం, విరేచనం మాత్రలు, వేడి కాపడం పెట్టరాదు. ఏమీ తినకుండా దవాఖానకు పోవాలి. ఇప్పుడు స్కానింగు ఉంది, చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషను ఉంది, 2005 నుంచి 108 బండి ఉంది. పిల్లలకు ఇబ్బంది, తెల్లవారనీ అనుకోవద్దు. మూడు, ఉన్నట్టుండి నొప్పి తగ్గితే సంతోషించకండి, మరింత తొందరపడండి.

మందుల మీద నమ్మకం లేని గాంధీజీయే, తనతో తగవున్న సర్కారు డాక్టరు చేతిలో ఒక రాత్రి తన కడుపు పెట్టారు. మనకు ఏ తగవూ లేదు. డాక్టరు సంతకం పెట్టమన్నప్పుడు ఆలోచించుకుని, సకాలంలో పెడితే చాలు. మిత్రులందరూ నిండు ఆయురారోగ్యాలతో ప్రతి నవంబరులోనూ లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూ ఉండాలని కోరుకుంటూ సెలవు.